మెడ మీది మచ్చలు తీసిన జలీల్ సాయిబు గారు

పాతనగరంలో బొమ్మల జలీల్ సాయిబు గారు పోయారు. మొన్న ఒక మధ్యాహ్నం, కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే, చేతిలో కుంచె ఉండగానే గుండె ఆగిపోయింది. ఆయన కూతురు నస్రీన్ ఆ కబురు ఫోనులో చెప్పినప్పుడు నేను ద్వారకా నగర్‌లో ఒక బట్టల దుకాణంలో ఉన్నాను. ఎర్ర పట్టుముక్క ఒకటి వేళ్ళతో నలిపి చూస్తూ, “దీని రంగు దిగుతుందంటారు కాబోలు, ఈయనతో ఎప్పుడూ ఇదే పేచీ” అని మనసులో ఆయనతోనే తగువు పెట్టుకున్నాను. నేను తగువులాడుతున్న మనిషి అప్పటికే లోకంలో లేడు. జీవితమంతా పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, నస్రీన్‌తో “వస్తున్నాను” అని మాత్రం అన్నాను. పట్టుముక్క బల్ల మీద వదిలేసి బయటికి వచ్చేశాను. వెనక నుంచి దుకాణం కుర్రాడు ఏదో గొణిగాడు, గొణగనీ.

ఆయన చేసే పనికి నిఘంటువులో పేరు లేదు. ప్లాస్టిక్ బొమ్మ ఎక్కడ తయారైనా దానికి ఒకటే మొహం, ఒకటే నవ్వు. జలీల్ సాయిబు గారు ఆ మొహాన్ని మందుతో తుడిచేసి, అడిగినవాళ్ళకు కావలసిన మొహం వేసి ఇచ్చేవారు. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగ విరమణ చేస్తున్న ఫోర్‌మన్‌కు తోటివాళ్ళు ఇచ్చుకునే కానుక, రేవులో క్రేను నడిపే నాన్నను బొమ్మగా చూసుకోవాలనుకునే పిల్ల ముచ్చట, అరంగేట్రం చేస్తున్న అమ్మాయి ప్రతిరూపం, ఏదైనా సరే ఫొటో ఇస్తే చాలు. ఆయన పూర్వులు బట్టలకు రంగులద్దే వృత్తిలో ఉండేవారు. తాతలు బట్టకు రంగు పట్టించడానికి శ్రమపడితే, మనవడు ఆ బట్ట రంగు బొమ్మకు పట్టకుండా కాపాడడానికి జీవితం ధారపోశాడు. ఉద్యోగం అయిపోయాక ఇంట్లో తోచక బొమ్మలకు బట్టలు కుట్టడం మొదలుపెట్టిన నేను, ఎవరో చెప్పగా ఆయన దగ్గరికి చేరాను. ఆయనకు నేను “టీచరమ్మ”ను. ఆయన ప్లాస్టిక్ పక్షం, నేను బట్ట పక్షం. మా ఇద్దరికీ పడని రోజులే ఎక్కువ, అయినా ఆ మేడ మెట్లు ఎక్కకుండా నాకు వారం గడిచేది కాదు.

ఆ పనిగదిని మొదటిసారి చూసినప్పుడు నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. గోడ పొడుగునా బల్ల మీద మొహాలు తుడిచేసిన బొమ్మలు వరుసగా కూర్చుని ఉన్నాయి. కళ్ళు లేవు, నోరు లేదు, ముక్కు మాత్రం ఉంది. కిటికీకి కట్టిన దారాలకు తలలు వేలాడుతున్నాయి. సముద్రం గాలి వచ్చినప్పుడల్లా ఆ తలలన్నీ ఒకేసారి మన వైపు తిరిగేవి, గాలి తగ్గగానే ఒకేసారి అవతలికి తిరిగేవి. “భయమేస్తందా టీచరమ్మా?” అని అడిగారు ఆయన. లేదన్నాను. “నాకు ఏత్తాది,” అన్నారు నవ్వకుండా, “అందుకే పని సరిగ్గా సేత్తాను.”

ఇక బట్టకు ఆయన పెట్టే పరీక్షల సంగతి. కొత్త బట్ట ఏది తెచ్చినా ఆయన దాన్ని ముందుగా గోరువెచ్చటి నీళ్ళలో, నీళ్ళు తేటపడేదాకా మళ్ళీ మళ్ళీ ఉతికించేవారు. తడి తెల్లగుడ్డతో రుద్ది చూసేవారు. అంతటితో ఆగితే ఆయన జలీల్ సాయిబు ఎందుకవుతారు? విరిగిన బొమ్మ కాలు ఒకటి తీసి, దానికి ఆ బట్ట చుట్టి, రేకు డబ్బాలో పెట్టి, మేడ మీద ఎండకు వదిలేసేవారు. వారాలు గడిచాక విప్పి చూసినప్పుడు కాలు తెల్లగా ఉంటేనే ఆ బట్ట బొమ్మ ఒంటికి తగలాలి. అప్పుడు కూడా లోపల తెల్ల లైనింగు వేసి తీరాలి. “మెత్త ప్లాస్టిక్కి ఆకలుంటాదమ్మా,” అనేవారు. “దానికి ఏది తగిల్తే అది తింటాది. తిన్నది ఎంటనే సూపించదు. నువ్వు మర్చిపోయినాక సూపిత్తాది.” పెయింటు మీద మెరుపు కోసం కొట్టే స్ప్రేలన్నా ఆయనకు అసహ్యం. మెత్తటి బొమ్మకు అవి కొడితే ఎన్నటికీ ఆరని జిగురులా తయారై, వీధిలో దుమ్మంతా మొహానికి పట్టుకుంటుందని ఆయన ఫిర్యాదు.

ఒకసారి ఒక ఫోర్‌మన్ బొమ్మకు నల్లకోటు కుట్టాను. చెప్పుకోకూడదు గానీ ఎంత చక్కగా కుదిరిందో! గుండీలు కూడా ఆవగింజలంత. దాన్ని తొడగనివ్వలేదు మహానుభావుడు. ఆ గుడ్డలో మిగిలిన ముక్కను కాలికి చుట్టి డబ్బాలో పడేశారు. కానుక ఇవ్వాల్సిన రోజు దాటిపోతుందని వాళ్ళు గోల, ఈయన చాదస్తమని నేను గోల. చివరికి విప్పి చూస్తే ఆ కాలు మోకాలి దాకా నీలంగా, నీళ్ళలో మునిగిపోయిన మనిషి కాలిలా ఉంది. దాన్ని చేత్తో పట్టుకోబుద్ధి కాలేదు నాకు. ఆయన మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి, “పాపం,” అన్నారు. ఎవరిని ఉద్దేశించి అన్నారో నేను అడగలేదు.

ఇంకొక నియమం ఉండేది ఆయనకు. కళ్ళు ఆఖరున వేసేవారు. వేసిన వెంటనే బొమ్మను గోడవైపు తిప్పి పెట్టి, తీసుకోవడానికి వచ్చినవాళ్ళ చేతికి ఇచ్చేదాకా ఇటు తిప్పేవారు కాదు. “ఎవరి కోసం పుట్టిందో ఆల్నే ముందు సూడాల,” అనేవారు. నేను ఎన్నిసార్లు వేళాకోళం చేసినా ఆ అలవాటు మానలేదు. గోడకు మొహం పెట్టి నిలబడ్డ ఆ బొమ్మల వెనక కూర్చుని బట్టలు కుడుతుంటే, బడిలో నేను శిక్షించిన పిల్లలు గుర్తొచ్చేవారు.

ఇవన్నీ ఆయన చాదస్తాలు. ఆయన మనసు ఎటువంటిదో తెలియాలంటే మాత్రం గౌరి బొమ్మ సంగతి చెప్పాలి.

అప్పలనాయుడు అచ్యుతాపురం సెజ్‌లో పనిచేసే కుర్రవాడు. గాజువాక అవతల చిన్న అద్దె ఇల్లు. భార్య గౌరికి పుట్టుకనుంచీ ఆయాసం. ఒక వేకువన అది ఎక్కువైంది. ఆటో కోసం అతను రోడ్డు మీదికి పరుగెత్తి తిరిగి వచ్చేలోపల ఆ పిల్ల ప్రాణం పోయింది. ఆ సమయంలో ఇంట్లో ఉన్నది అతనూ, నిద్రపోతున్న వాళ్ళ కూతురు చిట్టీ, అంతే. తల్లి కోసం బెంగపెట్టుకుని చిట్టి అన్నం మానేస్తే, ఎవరో చెప్పగా అతను పెళ్ళి ఫొటోనూ, గౌరి కట్టుకున్న నీలం చీర కొంగునూ పట్టుకుని ఆ పనిగది మేడ ఎక్కాడు. సాయిబు గారు మూరెడు పొడవున్న మెత్తటి బొమ్మకు గౌరి మొహం వేశారు. నేను ఆ కొంగుతో చీర కట్టాను. పరీక్షలన్నీ అయ్యాకే, తెల్ల లైనింగు వేసే. బొమ్మను చూడగానే చిట్టి “అమ్మ లేచినాది” అని చప్పట్లు కొట్టింది. ఆ రోజు ఇంటికి వెళ్ళి నేను ఏడ్చాను.

గౌరి తల్లి పైడమ్మ, భర్తను పొలం పనులకు ఊళ్ళో వదిలిపెట్టి, మనవరాలిని సాకడానికి అల్లుడి ఇంట్లోనే ఉండిపోయింది. అల్లుడంటే ఆవిడకు మంచి అభిప్రాయమే. అంతా సవ్యంగా ఉన్నట్టే ఉంది. మరుసటి వేసవి మొదట్లో ఒక ఉదయం వాళ్ళంతా సాయిబు గారి మేడ మీదికి వచ్చారు. ముందు గౌరి మేనమామ సూర్రావు, వెనక పైడమ్మ, ఆవిడ చంకలో చిట్టి, అందరికంటే వెనక, గుమ్మం అవతలే ఆగిపోయి అప్పలనాయుడు. సూర్రావు తువ్వాలులో చుట్టిన బొమ్మను బల్ల మీద పెట్టి విప్పాడు.

“సాయిబూ, ఇది నువ్వు సేసిందే గదా? మెడ సూడు. ఏటియి?”

నేనూ వంగి చూశాను. గౌరి బొమ్మ మెడకు ఒక పక్కన పొడుగ్గా, ఒకదాని కింద ఒకటిగా కమిలిన చారలు ఉన్నాయి. రెండో పక్కన వెడల్పుగా ఒకే ఒక్క మచ్చ. గొంతు దగ్గర నలుపు తిరిగిన ఎర్ర మచ్చ. ఎవరో ఒక చేత్తో పీక పట్టుకుంటే ఎలా ఉంటుందో సరిగ్గా అలాగే ఉంది. గౌరి మొహం మాత్రం సాయిబు గారు వేసినట్టే ప్రశాంతంగా నవ్వుతోంది.

“నా కూతురు సెప్పుకుంటంది బాబూ,” అంది పైడమ్మ. ఆవిడ గొంతులో కోపం లేదు, అందుకే మరింత భయం వేసింది. “బతికున్నప్పుడు సెప్పుకోనేకపోనాది. ఇప్పుడు సెప్పుకుంటంది.”

“అమ్మకి పీక నొప్పెడతంది,” అంది చిట్టి.

గుమ్మం దగ్గర నుంచి అప్పలనాయుడు, “నాను దాన్ని ఏటీ సెయ్యనేదండి,” అన్నాడు. “ఆటో కోసం ఎల్లినాను, అంతే. సాయిబు గారూ, మీరైనా సెప్పండి.” అతని వైపు ఎవరూ చూడలేదు.

సూర్రావు మాట స్పష్టంగా ఉంది. బడులు తెరిచేలోగా చిట్టిని వాళ్ళ ఊరు తీసుకుపోతారు. ఆ తరవాత తండ్రికి పిల్లను చూపించేది లేదు. పోలీసుల దగ్గరికి వెళ్ళాలా వద్దా అనేది పెద్దలు కూర్చుని మాట్లాడుకుంటారు. సాయిబు గారు బొమ్మను తిప్పి తిప్పి చూసి ఒకటే అడిగారు.

“అమ్మా, ఈ మెడకి ఏటైనా తగిలిందా? తాడు, గొలుసు, నూనె?”

“ఏటీ తగల్నేదు. కన్నకూతుర్ని సూసుకున్నట్టు తుడిసి పెట్టుకుంటన్నాను.”

“ఇది రంగు సేసిన పని. మడిసి సేసింది కాదు. నాకు టైమియ్యండి, సూపిత్తాను,” అన్నారాయన. బడులు తెరిచే లోపలే చూపించాలని సూర్రావు షరతు పెట్టాడు.

సాయిబు గారు అదే రకం బొమ్మకు మళ్ళీ గౌరి మొహం వేశారు. ఆ చీర కొంగులోనే మిగిలిన ముక్కను, అదే లైనింగుతో, అదే విధంగా కట్టించి, ఆ బొమ్మను రేకు డబ్బాలో పడుకోబెట్టి మేడ మీద వేడికి వదిలేశారు. వారం వారం మూత తీసి చూసేవాళ్ళం. డబ్బాలో వెల్లకిలా పడుకుని గౌరి మమ్మల్ని చూసి నవ్వేది. మెడ పాలలా తెల్లగా ఉండేది. ఆ తెలుపే మా కొంప ముంచింది. వేసవి సగానికి వచ్చాక సూర్రావు వచ్చి చూసి, “సూసావా సాయిబూ, బట్టది కాదు. బట్టదైతే దీనికీ రావాల గదా,” అన్నాడు. ఆ మాట ఊరంతా పాకింది. అప్పలనాయుడు ఇంటికి పాలు పోసే మనిషి రావడం మానేసింది. పక్కింటివాళ్ళు పిల్లల్ని అటు పంపడం మానేశారు. పరీక్ష చేసి మరీ అతనికి ఉరి బిగించినట్టయింది.

నిజం చెప్పాలంటే నాకూ భయం పట్టుకుంది. చదువుకున్నదాన్ని, బొమ్మ సాక్ష్యం చెబుతుందని నమ్మేదాన్ని కాదు. అయినా అప్పలనాయుడు మేడ మీదికి వచ్చినప్పుడు నా కళ్ళు అతని చేతుల మీదికి పోయేవి. ఆ వేళ్ళు ఎంత పొడవున్నాయో చూసేదాన్ని. ఒకనాడు ఉండబట్టలేక, “సాయిబు గారూ, ఆ రెండో బొమ్మ మెడకు కాస్త రంగు పూసి చూపించెయ్యండి. ఒక పిల్ల తండ్రి దగ్గర ఉంటుంది, పుణ్యం వస్తుంది,” అన్నాను. ఆయన కుంచె కింద పెట్టారు.

“ఒక బొమ్మ ఆల్రెడీ అబద్ధం సెప్తంది టీచరమ్మా. రెండో దాని సేత నాను ఇంకోటి సెప్పించనా?”

“అది అబద్ధమని మీకు అంత గట్టిగా తెలుసా?”

“తెల్దు,” అన్నారాయన. “తెలుసుకోవాల.” అప్పుడు ఆయన మొహంలో ఉన్న వేదనను నేను ఎన్నడూ మరిచిపోలేను. తన చేతులతో చేసిన రూపం ఒక మనిషిని హంతకుణ్ణి చేస్తోంది. అది నిజమో కాదో తనకే తెలియదు. ఆ రోజుల్లో ఆయనకు తిండి సహించలేదని వాళ్ళావిడ ఫాతిమా గారు నాతో చెప్పి కళ్ళొత్తుకున్నారు.

తరవాతి శుక్రవారం పొద్దున్నే ఆయన నన్ను వెంటబెట్టుకుని అప్పలనాయుడు ఇంటికి వెళ్ళారు. బొమ్మ ఇంట్లో ఎక్కడ కూర్చుంటుందో, దాని మీద ఎండ పడుతుందో లేదో చూడాలన్నారు. దేవుడి అరలో గౌరి ఫొటో పక్కనే బొమ్మ ఉంది. పైడమ్మ అప్పుడే తలంటుకుని వచ్చింది. మేము వచ్చామన్న ధ్యాస కూడా లేకుండా, ఊపిరి పీల్చినంత మామూలుగా తన పని తాను చేసుకుపోయింది. అరచేతిలో పసుపు వేసుకుని, రెండు చుక్కల నీళ్ళు పోసి, రెండు చేతులూ కలిపి రుద్దింది. ఎడమచేత్తో బొమ్మను మెడ దగ్గర పట్టుకుని ఎత్తింది. బొటనవేలు ఒక పక్క, మిగతా వేళ్ళు ఒక పక్క. కుడిచేత్తో దాని బుగ్గలకూ పాదాలకూ పసుపు రాసింది. నుదుట బొట్టు పెట్టింది, గొంతు దగ్గర కుంకుమ అద్దింది. మా ప్రాంతంలో ముత్తైదువగా పోయిన ఆడపిల్లను అలాగే తలుచుకుంటారు. కాసేపు చూసుకుని, చిట్టి గౌనుకు అంటుతుందని తడిగుడ్డతో అంతా శుభ్రంగా తుడిచేసింది. ఇంకా పచ్చగా కనిపించిన చోట సబ్బు రాసింది.

నేను గుడ్లప్పగించి సాయిబు గారి వైపు చూశాను. ఏదైనా తగిలిందా అని అడిగితే ఏమీ తగల్లేదని ఆవిడ అన్నది అబద్ధం కాదు. కూతురికి పసుపు రాయడం ఏ తల్లికైనా తగలడం కిందికి వస్తుందా? పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని బట్టలు ఉతికే ప్రతి ఆడదానికీ తెలుసు. తుడిస్తే పైన ఉన్నది పోతుంది. లోపలికి తాగినది ఉండిపోతుంది. బుగ్గలకు పెయింటు పొర అడ్డు ఉంది, పాదాలను చీర కుచ్చెళ్ళు కప్పేశాయి. శుక్రవారం తరవాత శుక్రవారం, ఏడాది పొడుగునా ఆ మెత్తటి మెడ తాగింది.

వీధిలోకి రాగానే, “ఇప్పుడే చెప్పెయ్యకపోయారా?” అన్నాను ఆత్రం కొద్దీ.

“సెప్తే నమ్మదు. పసుపు మీద నింద ఏత్తన్నాననుకుంటాది. అదీ ఒక తురకోడు సెప్తే మరీని,” అన్నారాయన. “కళ్ళతో సూడాల. అందరూ సూడాల.”

లోపలికి మళ్ళీ వెళ్ళి, రెండో బొమ్మ కూడా గౌరి రూపమే కదా, దానికీ పసుపు కుంకుమ ఇవ్వమ్మా అని పైడమ్మను కోరారు. ఆవిడ సంతోషంగా ఒప్పుకుంది. ప్రతి శుక్రవారం ఆయన ఆ బొమ్మను తీసుకుపోయి, ఆవిడ చేత పసుపు రాయించుకుని, ఆవిడ చేతే తుడిపించుకుని తెచ్చేవారు. ఎండలో పెడితే పసుపు పాలిపోతుంది, కాబట్టి వెలుగు తగలకుండా వేడి మాత్రమే తగలాలని, మూత బిగించిన రేకు డబ్బాను మేడ మీద ఉంచేవారు. ఈసారి నన్ను మూత తీయనివ్వలేదు. తానూ తీయలేదు.

బడులు తెరవడానికి ముందు ఆదివారం అందరూ వచ్చారు. చిట్టిని నస్రీన్ కింద ఇంట్లోకి తీసుకుపోయింది. సాయిబు గారు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు. డబ్బా లోపల ఏముందో ఆయనకూ తెలియదు. మూత తీశారు.

గౌరి నవ్వుతూనే ఉంది. మెడకు ఒక పక్క చారలు, రెండో పక్క ఒక మచ్చ. అంత ముదురుగా లేవు, కానీ అవే. సూర్రావు ఒక అడుగు వెనక్కి వేసి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. పైడమ్మ “అమ్మా!” అని కేక పెట్టింది.

“దీని దగ్గరికి నీ అల్లుడు రానేదమ్మా,” అన్నారు సాయిబు గారు. “నువ్వూ నానే ముట్టుకున్నాం. నీ ఎడం సెయ్యి ఓపాలి ఇలా ఇయ్యి.”

ఆవిడ చేయి పట్టుకుని, శుక్రవారం నాడు ఎలా పట్టుకుంటుందో అలా బొమ్మ మెడ మీద ఉంచారు. చారల మీద వేళ్ళు ఒదిగిపోయాయి. మచ్చ మీద బొటనవేలు కూర్చుంది. పాత బొమ్మనూ తెప్పించి దాని మెడ మీదా పెట్టించారు. అక్కడా అంతే. దారాలకు వేలాడుతున్న తలలు గాలికి మా వైపు తిరిగాయి.

పైడమ్మ తన చేయి వెనక్కి తీసుకుని, అరచేతిని పరాయిదాన్ని చూసినట్టు చూసుకుంది. “అయితే నా తల్లి పీక పట్టుకున్నది నానా?” అంది.

“పట్టుకోనేదమ్మా, పసుపు రాసినావు,” అన్నారు సాయిబు గారు. ఆ మాట ఆవిడకు వినిపించిందో లేదో నాకు తెలియదు.

సూర్రావు గుమ్మం దాకా వెళ్ళి, అప్పలనాయుడి భుజం మీద చెయ్యి వేసి, “అల్లుడా, పిల్ల నీ కాడే ఉంటాది,” అన్నాడు. క్షమాపణ అడగలేదు. మావాళ్ళకు అంతకంటే చేతకాదు. అప్పలనాయుడు అక్కడే మెట్ల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చిట్టి ఆ నెలలోనే గాజువాకలో బళ్ళో చేరింది.

మొదటి బొమ్మ మెడ మీది మచ్చలను సాయిబు గారు తీసేశారు. మొటిమలకు రాసే మందును పూసి, పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, పగలల్లా ఎండలో పెట్టి, సాయంకాలం కడిగి, మళ్ళీ పూసి, ఓపికగా నెలల తరబడి చేశారు. “లోపల తాగింది గదా, మళ్ళీ పైకొత్తాది. అప్పుడు మళ్ళీ తీత్తాం,” అనేవారు. పసుపు మానమని మాత్రం ఆయన పైడమ్మకు ఎన్నడూ చెప్పలేదు. గౌరి మెడకు తెల్లటి నూలు పట్టీ ఒకటి నా చేత కుట్టించి, ఆ పట్టీ మీద పసుపు రాసుకోమన్నారు. పట్టీ మురికయితే మార్చుకోవచ్చు. ఎంత చిన్న ఉపాయం! పండితులమని చెప్పుకునే మేము ఎన్ని ధర్మసూక్ష్మాలు వల్లించినా ఇంతటి మర్యాద మాకు తట్టి ఉండేది కాదు.

అటువంటి మనిషి వెళ్ళిపోయారు. ఆయనను మోసుకుపోతున్న జనాజా వీధి మలుపు తిరిగేదాకా నేను అరుగు మీద నిలబడి చూశాను. పోర్టు వైపు నుంచి ఓడ కూత వినిపించింది. ఇక ఈ నగరంలో బొమ్మలకు మొహాలు వేసేవాళ్ళు ఇంకెవరైనా వస్తారేమో. వేసిన మొహానికి పూచీపడేవాళ్ళు వస్తారని నాకు నమ్మకం లేదు. ఆయన ఆత్మకు శాంతి కలగాలని ప్రార్థించడానికి కూడా నాకు అధికారం ఉందో లేదో తెలియదు. ఆ ఇంటివాళ్ళ బాధలో పాలుపంచుకునే అధికారం మాత్రం ఉందనుకుంటున్నాను.

నిన్న ఫాతిమా గారిని పలకరించడానికి వెళ్ళాను. పైన పనిగదిలో మొహాలు లేని బొమ్మల మీద వాళ్ళు తెల్లదుప్పటి కప్పారు. నేను ఆ దుప్పటి చూస్తూ నిలబడి ఉండగా మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. పైడమ్మ. చేతిలో తువ్వాలు, తువ్వాలులో గౌరి. సాయిబు గారు పోయిన సంగతి ఆవిడకు తెలుసు. అయినా వచ్చింది.

“మళ్ళీ వచ్చీసినాయి టీచరమ్మా,” అంది. “సూడు. నా సేతి ఏళ్ళన్నీ తేలిపోనాయి.”

పట్టీ విప్పి చూశాను. కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుగులో చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. గౌరి మెడ మీద ఏ మచ్చా లేదు. అంత తెల్లటి మెడను నేను ఏ బొమ్మకూ చూడలేదు.

ఏమీ లేవమ్మా అందామనుకున్నాను. అంతలో నస్రీన్ నన్ను పక్కకు పిలిచింది. “మా అబ్బా కాడికి ప్రతి నెలా, మీరు రాని రోజున, వత్తాదండి ఈవిడ,” అని గుసగుసగా చెప్పింది. “మచ్చలు పోయి చాన్నాళ్ళయింది. అయినా లేవని ఎప్పుడూ సెప్పలేదు అబ్బా. మందు రాసి, ఎండలో పెట్టి, సాయంకాలం దాకా ఆవిడ పక్కనే కూకునేవోరు.”

“ఏం మాట్లాడేవారు?”

“ఏటీ మాట్లాడేవోరు కాదు.”

మందు డబ్బా ఆయన కుర్చీ పక్కనే ఉంది. వేలితో తీసి, ఏమీ లేని ఆ మెడకు రెండు పక్కలా రాశాను. ప్లాస్టిక్ కాగితం చుట్టాను. బొమ్మను కిటికీలో ఎండ పడేచోట పడుకోబెట్టి, పైడమ్మ పక్కన కింద కూర్చున్నాను. ఆవిడ ఎడమచేతిని కొంగులో దాచుకుని బొమ్మనే చూస్తూ ఉంది. నాకు మాట్లాడకుండా ఉండడం చేతకాదు, అయినా ఉన్నాను. ఎండ కిటికీ దాటిపోయాక లేచి, కాగితం విప్పి, తడిగుడ్డతో తుడిచి, గౌరిని ఆవిడ చేతికి ఇచ్చాను.

పైడమ్మ బొమ్మ మెడను అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది.

“కొంచెం తగ్గినాయి,” అంది. “సాయిబు గారైతే మొత్తం తీసీసేవోరు.”

నిజమేనమ్మా అన్నాను.